పన్నెండు లక్షల మందిలో మా చెల్లె

యూసుఫ్‌గూడ
12 నవంబర్ 2024

చెల్లె పద్మప్రియకు,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. బాగుండక ఏమవుతుంది, నెల తిరగ్గానే జీతం పడేవాళ్ళు బాగానే ఉంటారు. ఉత్తరం ఇట్లా మొదలుపెట్టొద్దని అమ్మ ముందే చెప్పింది. కానీ రాస్తున్నది నేను, అమ్మ కాదు.

బతుకమ్మ నాడు ఫోన్లో మనం అరుచుకున్నప్పటి నుంచి అమ్మ పంతం తెలిసిందే కదా. "ఇద్దరు ఫోన్లు ముట్టొద్దు. ఏమన్న ఉంటె కాయితం మీద రాసుకోండ్రి. రాస్తుంటె చెయ్యి గుంజుతది, అడ్డమైన మాట రాదు," అంది. నా చెయ్యి ఇప్పటికే గుంజుతోంది. అడ్డమైన మాటలు మాత్రం ఆగడం లేదు.

సంగతేమిటంటే, మా పిల్ల మనోజ సర్కారు కొలువు పరీక్షకు చదువుతోంది కదా. నిన్న పొద్దున పైకి చదువుతోంది, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మందికి కొలువులిచ్చిన సంస్థలు ఏవి అని. మన రక్షణ శాఖ, అమెరికా రక్షణ శాఖ, చైనా సైన్యం, అమెరికాలో ఉప్పు నుంచి టీవీల దాకా అమ్మే దుకాణాల కంపెనీ, ఇంటింటికీ పార్సిళ్ళు పంపే కంపెనీ. ఆ వరుసలో మన రైల్వే కూడా ఉంది. పన్నెండు లక్షల మందట. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ చెయ్యి ఆపి, "అండ్ల మా పద్మ ఉన్నది," అంది. నిన్నేదో పేరు పెట్టి పుస్తకంలో అచ్చేసినట్టు.

నాకు ఒళ్ళు మండింది. దాచుకోను. ఆ జాబితాలో ఉన్నవాళ్ళందరి దగ్గరా నేను పనిచేశాను, సినిమా షూటింగుల్లో, ఒక్కో రోజు. సైన్యంలో నర్సును. అమెరికా దుకాణంలో బండి తోసుకుంటూ హీరోయిన్ వెనక నడిచిపోయేదాన్ని. పార్సిళ్ళ కంపెనీలో మూతికి మాస్కు కట్టుకుని డబ్బాలకు టేపు అంటించాను. పందొమ్మిదేళ్ళలో నేను తొడగని యూనిఫాం లేదు. పొద్దుగూకాక అన్నీ విప్పి కాస్ట్యూమ్ వాళ్ళకు అప్పజెప్పి కృష్ణానగర్ మీదుగా నడిచి ఇల్లు చేరాను. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఏజెంటు ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. నీకు ఒక్కటే యూనిఫాం, అది నీ ఇంట్లో తీగ మీద ఆరుతుంది.

నాన్న రైల్వే డ్యూటీలో గుండె ఆగి పోయినప్పుడు, ఇంటికి ఒక్క కొలువు ఇస్తామన్నప్పుడు, పెద్దదాన్ని నేను. ఇవాళ కాకపోతే రేపు ఏ సినిమాలోనో ఒక డైలాగు దొరుకుతుందని, చెల్లెలికి ఇస్తే నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాను. తొమ్మిదేళ్ళయింది. డైలాగు దొరకలేదు. ఇది నిన్ను అనడానికి రాయడం లేదు, ఊరికే రాస్తున్నాను.

మీ బావ అడిగాడని చెప్పమన్నాడు.

నీ అక్క
మంజులత


జనగామ
21 నవంబర్ 2024

అక్కా,

ఉత్తరం అందింది. ఊరికే రాస్తున్నానని రాశావు. తొమ్మిదేళ్ళుగా ఆ సంతకం సంగతి నువ్వు ఊరికే చెప్పని పెళ్ళి లేదు, పేరంటం లేదు. చుట్టాల్లో నన్ను చూసిన ప్రతివాళ్ళూ మొదట అనేది "మీ అక్క పుణ్యం" అనే. పొద్దున ఐదింటికి లేచేది నేను, పుణ్యం మాత్రం నీది.

పన్నెండు లక్షల మందిలో ఒకదాన్ని అంటే ఏమిటో చెబుతాను విను. నేనిప్పుడు చేస్తున్నది కీమ్యాన్ పని. ఆడదానివి నువ్వు కీమ్యాన్ ఏంది అని నవ్వకు, ఆ పనికి ఉన్న పేరే అది. రోజూ పట్టా వెంబడి అటు ఏడు కిలోమీటర్లు, ఇటు ఏడు నడవాలి. పట్టాను పట్టి ఉంచే ఇనుప క్లిప్పులు ఎక్కడ వదులైతే అక్కడ సుత్తితో కొట్టి బిగించాలి. బండి వస్తే పక్కకు జరిగి నిలబడతాను. కిటికీల్లో ఉన్నవాళ్ళకు నారింజరంగు జాకెట్టు ఒకటి కనబడుతుంది, మనిషి కనబడదు. నా పేరు తెలిసినవాళ్ళు పట్టా పనిచేసే మా గ్యాంగులో పదకొండు మంది.

నిన్ను చూడని వాళ్ళెవరు? పోయిన సంక్రాంతి సినిమాలో పెళ్ళిపందిట్లో నువ్వు రెండు సెకన్లు కనబడ్డావు. అమ్మ దాన్ని ఫోన్లో ఆపి, పెద్దది చేసి, పాలపాకెట్ల ఆయనకు, కింద కిరాయికి ఉండేవాళ్ళకు, నాతో పాటు వచ్చిన మా గ్యాంగు జగదాంబకు కూడా చూపించింది. "మా పెద్దది. అగో, పచ్చ చీర," అంటుంది. నేను పట్టా మీద ఎట్లా నడుస్తానో చూద్దామని అమ్మ ఒక్కనాడూ జనగామ బండి ఎక్కలేదు. నాకూ ఒళ్ళు ఉంది అక్కా, అదీ మండుతుంది.

మనోజను బాగా చదువుకోమను.

పద్మ


యూసుఫ్‌గూడ
3 డిసెంబర్ 2024

చెల్లె పద్మకు,

కోపాలు తర్వాత. నాకు డైలాగు వచ్చింది.

మళ్ళీ రాస్తున్నాను, నాకు డైలాగు వచ్చింది. ఒకటి కాదు, రెండు ముక్కలు. ఫిలింనగర్ కొండ మీద ఖాళీ జాగాలో రైలు పట్టా సెట్టు వేస్తున్నారు. హీరో పెద్దయ్యాక ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ మందికి కొలువులిచ్చే కంపెనీకి ఓనర్ అవుతాడు. అతని తల్లి మాత్రం పట్టా మీద గ్యాంగులో కూలి. ఆమె పక్కన పనిచేసే మనిషిని నేను. నడుస్తూ వచ్చి, వంగి, ఊడిన క్లిప్పు చూసి, "క్లిప్పు ఊడిపోయిందండీ. బండి ఆపండీ," అనాలి. అసిస్టెంట్ డైరెక్టర్ క్రాంతికుమార్ గుంపులో నన్ను చూసి, "మీ మొహంలో కష్టం కనబడుతోందండీ, మీరే చెయ్యండి," అన్నాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత నా మొహం ఎవరికో పనికొచ్చింది.

కంపెనీ సీను కూడా తీశారు. మూడు వందల మందిమి ఎండలో నిలబడితే కంప్యూటర్లో మూడు లక్షలు చేస్తారట. మీ పన్నెండు లక్షలు కూడా మావాళ్ళు ఒక్క పూటలో చేసిపెడతారు.

ఇప్పుడు నీతో పని పడింది. సుత్తి ఎట్లా పట్టాలి, ఎట్లా నడవాలి, కళ్ళు ఎటు పెట్టాలి, అన్నీ రాసి పంపు. నీ పాత జాకెట్టు ఒకటి కూడా పంపు, వేసుకుని ఇంట్లో నడిచి చూసుకుంటాను. అమ్మ అప్పుడే వాడంతా చెప్పింది, "మా పెద్దదానికి గూడ రైల్వేల నౌకరొచ్చింది," అని. అందరం నవ్వాం.

అక్క


జనగామ
11 డిసెంబర్ 2024

అక్కా,

అమ్మ మాటకు మీరందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోనీలే, అడిగింది రాస్తాను.

సుత్తిని కొసన పట్టుకోవాలి, మధ్యలో కాదు. మధ్యలో పట్టుకుంటే కొత్తమనిషని తెలిసిపోతుంది. నడిచేటప్పుడు పట్టా కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మె మీద అడుగు వేయకు, కంకర మీద వేయి. తల ఎత్తితే ఎదురు బండికి, దించితే క్లిప్పులకు, ఇంకెటూ చూడొద్దు. వంగేటప్పుడు నడుము వంచకు, మోకాళ్ళు వంచు, లేకపోతే నాలుగో కిలోమీటరుకు లేవలేవు. నీకు నాలుగో కిలోమీటరు ఉండదనుకో.

ఒక్క క్లిప్పు ఊడితే ఎవరూ బండి ఆపరు. కొట్టి బిగించి ముందుకు పోతారు. ఊడిన క్లిప్పును చూసి "అండీ" అని కూడా ఎవరూ అనరు. మా జగదాంబ అయితే దాని తల్లిని కూడా కలిపి తిడుతుంది. మీ సినిమా, మీ ఇష్టం.

జాకెట్టు పంపను. అది సర్కారు ఇచ్చింది, బయటివాళ్ళకు ఇవ్వకూడదు.

ఇంకో మాట. రాయకూడదనుకున్నాను కానీ చెయ్యి ఆగడం లేదు. తొమ్మిదేళ్ళుగా నేను ఎండలో, వానలో చేస్తున్న పనిని నువ్వు ఒక్క పూట చేస్తావు. ఊరూరా జనం టికెట్టు కొని చూస్తారు. అమ్మ ఏడుస్తుంది కూడా, నాకు తెలుసు. నా బతుకును నువ్వు తొడుక్కుంటే చప్పట్లు, నేను తొడుక్కుంటే చెమట. కడుపు మండుతోంది అక్కా. నువ్వు బాగా చెయ్యాలనే ఉంది, మండుతూనే ఉంది.

పద్మ


యూసుఫ్‌గూడ
20 డిసెంబర్ 2024

పద్మకు,

బయటివాళ్ళకు ఇవ్వకూడదా? నేను బయటిదాన్నా? ఒక్క పాత గుడ్డ అడిగితే రూలు చూపించావు. చిన్నప్పుడు నా గౌనులన్నీ నువ్వు తొడిగి చింపినప్పుడు నేను ఏ రూలు చూపించాను?

సరే. కాస్ట్యూమ్ వాళ్ళే కొత్త జాకెట్టు ఇచ్చారు. మెరుస్తోంది, నీ దానికంటే బాగుంది. నువ్వు రాసినట్టే మిద్దె మీద రోజూ నడుస్తున్నాను. మోకాళ్ళు వంచమన్న మాట మంచిది. దానికి మాత్రం దండం పెడుతున్నాను.

షూటింగు జనవరి ఇరవై ఒకటిన. రోజంతా వెలుతురులోనే తీస్తారు. క్రాంతికుమార్‌ను అడిగి అమ్మకు ఒక కుర్చీ వేయించాను. నువ్వు కూడా సెలవు పెట్టి రా. మధురానగర్ మెట్రో దగ్గర దిగు, మీ బావ బండి మీద తీసుకొస్తాడు. కడుపుమంట అని రాశావు కదా. వచ్చి కళ్ళారా చూస్తే చల్లారుతుంది, లేదా ఇంకా మండుతుంది. ఏదైనా సరే, రా.

అక్క


యూసుఫ్‌గూడ
24 జనవరి 2025

పద్మప్రియకు,

అక్క అని రాయడం లేదు, చెల్లె అని కూడా రాయడం లేదు.

ఏం జరిగిందో నీకు తెలుసు, అయినా రాస్తాను, నా మనసు ఊరుకోదు. ఎక్కడ వంగాలో కంకర మీద సున్నంతో గుర్తు పెట్టారు. ఆ గుర్తు దగ్గర క్లిప్పును సగం బయటికి లాగి ఉంచారు. కెమెరా కింద నుంచి నా చేతిని చూపిస్తుంది. చాయ్ తాగి వచ్చి మొదటి టేక్ మొదలుపెట్టాం. నడిచాను, వంగాను. క్లిప్పు బిగుసుకుని ఉంది. ముందుకు చూశాను, వెనక్కి చూశాను, డైలాగు నోట్లోనే ఎండిపోయింది. రెండో టేకులో బిగుసుకున్న క్లిప్పునే ముట్టుకుని డైలాగు చెప్పాను. డైరెక్టరు మానిటర్ ముందు నుంచి లేచి, "బిగుసుకున్నదాన్ని చూసి ఊడిందంటుందేంటి ఈవిడ? వెలుతురు పోతోంది, ఇంకొకరిని పెట్టండి," అన్నాడు. నా పక్కన నిలబడ్డ సీతామహాలక్ష్మికి ఇచ్చారు నా మాటలు. ఆమె ఒక్క టేకులో చెప్పేసింది. అప్పటికి సెట్టు వేసిన ఆర్ట్ వాళ్ళు క్లిప్పును మళ్ళీ లాగి పెట్టారు.

మర్నాడు కృష్ణానగర్లో లైట్ల హనుమంతు చెప్పాడు. "చాయ్ టైముల మీ చెల్లె పట్టా మీద సుత్తి పట్టుకోని కొట్టుకుంట పోయిందక్కా," అన్నాడు. అంత పట్టా ఉండగా నీకు ఆ ఒక్క క్లిప్పే దొరికిందా? కడుపు మండుతోందని ముందే రాసి మరీ చేశావు. జాకెట్టు ఇయ్యనప్పుడే నాకు తెలియాల్సింది.

ఒక్క డైలాగు పద్మా. నీ కొలువును నేను అడగలేదు, ఒక్క డైలాగు.

మంజులత


జనగామ
31 జనవరి 2025

అక్కా,

నేను కొట్టింది నిజం. కావాలని కొట్టలేదు. అమ్మ మీద ఒట్టు.

మీరందరూ చాయ్ దగ్గర ఉన్నారు. నాకు అక్కడ తెలిసినవాళ్ళు లేరు. పట్టా కనబడితే కాళ్ళు వాటంతటవే దాని మీదికి పోయాయి. మీవాళ్ళ సుత్తి ఒకటి పక్కనే పడి ఉంది, తీసుకున్నాను. అది సెట్టని తెలుసు, స్లీపర్లు ఫైబరువని కూడా తెలుసు. కానీ వదులు క్లిప్పు కనబడితే నా చెయ్యి నన్ను అడగదు. తొమ్మిదేళ్ళుగా అడగలేదు. రెండు దెబ్బలు వేసి ముందుకు పోయాను. ఊడిన క్లిప్పును వదిలేసి నడిచే కీమ్యాన్ ఉంటే అతను కీమ్యానే కాదు.

ఏ క్లిప్పు మీద సీను ఉందో నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా? నన్ను ఎవరికైనా చూపించావా? పొద్దుట్నుంచి నీ వెనక తిరిగితే ఒక్కసారి నా దిక్కు చూడలేదు.

జాకెట్టు సంగతి నిజంగా రూలే. నమ్మితే నమ్ము.

పద్మ


జనగామ
26 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ జవాబు రాలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "మీ ముచ్చట మీరే తెంపుకోండ్రి, నన్ను గుంజకుండ్రి," అంది. ఈ నెల రోజులూ నడుస్తూ ఒక్కటే ఆలోచించాను. పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం కాదు, కానీ సగమే రాశాను.

కొట్టినప్పుడు తెలియదు. నువ్వు మొదటి టేకులో సున్నం గుర్తు దగ్గర వంగినప్పుడు తెలిసింది. నేను కొట్టింది దాన్నే అని ఆ క్షణమే తెలిసింది. నీకు పది గజాల దూరంలో ఉన్నాను. నోరు తెరిచి "అది నేను బిగించిన" అంటే అయిపోయేది. ఆ క్లిప్పును మళ్ళీ లాగడానికి నాకు అర నిమిషం పట్టదు.

అనలేదు. అమ్మ కుర్చీలోంచి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిన్నే చూస్తోంది. ఆ చూపు నా మీద ఎప్పుడూ పడలేదు. పోనీ, పోతే పోనీ అనిపించింది. రెండో టేకు దాకా నిలబడ్డాను, చూస్తూనే ఉన్నాను. నీ డైలాగు ఇంకొకామె నోట్లో విన్నాక కడుపులో మంట చల్లారిందనుకున్నాను. బండి ఎక్కేసరికి ఏడుపొచ్చింది.

నా చెయ్యి చేసిన దానికి నేను తప్పు ఒప్పుకోను. నా నోరు చేసిన దానికి నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇక ఎప్పుడూ నాతో మాట్లాడకపోయినా నీ ఇష్టం. సంతకం పెట్టి కొలువిచ్చిన అక్కకు ఇంత చేశాను.

నీ పద్మ


యూసుఫ్‌గూడ
9 మార్చి 2025

పద్మా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. మూడు రోజులుగా బీరువాలో చీరల కింద పెట్టి, తీసి చదువుతున్నాను. నువ్వు రాయగలిగావు కాబట్టి నేనూ రాయాలి. ఇది రాయడానికి ఈ మూడు రోజులూ పట్టింది.

క్లిప్పు బిగించింది నువ్వేనని నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. హనుమంతు చెప్పకముందే తెలుసు. చాయ్ దగ్గర నేను క్రాంతికుమార్ పక్కన నిలబడ్డాను. నువ్వు పట్టా మీద నడుచుకుంటూ వచ్చావు, ఆగావు, కాళ్ళు ఎడం చేసి రెండు దెబ్బలు వేశావు. మళ్ళీ తలెత్తకుండా నడిచిపోయావు. మిద్దె మీద నెల రోజులు నేను నేర్చుకున్నది ఇదా అనిపించింది. నీ నడక చూసి సిగ్గేసింది, ఆ వెంటనే కుళ్ళు పుట్టింది. నువ్వు ఎంత బాగున్నావో నీకు తెలియదు.

క్రాంతికుమార్ చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకుని, "ఎవరండీ ఆవిడ? ఆ నడక చూడండి. మనకి కావాల్సింది అదేనండీ. మీకు తెలిసినావిడేనా?" అని అడిగాడు.

నీ పేరు నా నోటి దాకా వచ్చింది. మా చెల్లె, నిజంగానే రైల్వేలో చేస్తుంది అని చెబితే తర్వాత మాట ఏమిటో పందొమ్మిదేళ్ళు అక్కడ నిలబడ్డదాన్ని, నాకు తెలియదా. "పిలవండి," అంటాడు. నా చేతిలో ఉన్న ఆ రెండు మాటలు నీకు ఇస్తాడు. అడగకుండానే నీకు అన్నీ దొరుకుతాయి, ఇది కూడా దొరుకుతుంది అనుకున్నాను.

మొదటి టేకులో క్లిప్పు బిగుసుకుని కనబడగానే నాకు అర్థమైంది. ఒక్క మాటతో సరిపోయేది. చెల్లె అలవాటు కొద్దీ బిగించింది సార్, రెండు నిమిషాలు అంటే డైరెక్టరు కూడా నవ్వేవాడు. అందరూ నీ వైపు తిరిగి చూస్తారని నేను నోరు విప్పలేదు. బిగిసిన క్లిప్పు మీద చెయ్యి పెట్టి ఊడిందని అబద్ధం ఆడాను. నా డైలాగును నువ్వు పోగొట్టలేదు, నేనే పోగొట్టుకున్నాను. నెలన్నర నుంచి నింద మాత్రం నీ మీద వేసి తిరుగుతున్నాను.

నువ్వు నా కాళ్ళు పట్టుకుంటానని రాశావు. పట్టుకోకు. క్రాంతికుమార్ అడిగినప్పుడు నేనేమన్నానో విన్నాక అట్లా రాయవు.

"తెలియదండీ, ఎవరో బయటి మనిషి," అన్నాను.

మంజులత